యాంటిజెన్ ప్రెజెంటేషన్‌కు ‘ప్రదర్శన’ సరిపోతుందా?

మద్దిలపాలెంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. మొన్న రోగనిరోధకత పాఠంలో యాంటిజెన్ ప్రెజెంటేషన్‌కు, అంటే కణం ప్రోటీన్ ముక్కలను తన పైకి తెచ్చి రోగనిరోధక కణాలైన టి కణాలకు చూపడానికి, ‘ప్రతిజనక ప్రదర్శన’ అని బోర్డు మీద రాయగానే, పాడేరు నుంచి వచ్చి చదువుకుంటున్న అమ్మాయి లేచింది. "ప్రదర్శన అంటే ఎగ్జిబిషనా మేడమ్? ఎవరైనా చూడొచ్చా?" రెండు రోజులుగా ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

కణంలో జరిగేది చూడండి. వైరస్ సోకితే దాని ప్రోటీన్లు మన కణంలోనే తయారవుతాయి. ప్రోటియాసోమ్ వాటిని ముక్కలు కొడుతుంది. టాప్ అనే రవాణా ప్రోటీన్ ఆ ముక్కలను అంతర్జీవద్రవ్య జాలంలోకి చేరవేస్తుంది. అక్కడ 8 నుంచి 10 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి ఎంహెచ్‌సీ (ముక్కలను పట్టి చూపే మన ఒంటి ప్రోటీన్) ఒకటో తరగతి అణువు గాడిలో ఇముడుతుంది. ఆ జంట కణం పైకి వస్తే సీడీ8 రకం టి కణం తడిమి చూస్తుంది. బయటి నుంచి మింగిన బ్యాక్టీరియాకు దారి వేరు: ఎండోసోమ్‌లనే కణం లోపలి సంచుల ఆమ్లంలో అరిగి, ముక్కలై ఎంహెచ్‌సీ రెండో తరగతి అణువు మీదికెక్కి, సీడీ4 రకం టి కణాల కంటపడుతుంది.

అసలు సంగతి ఇక్కడుంది. టి కణం ఉత్త ముక్కను గుర్తించదు. తన ఒంటి ఎంహెచ్‌సీ పట్టుకుని చూపితేనే గుర్తిస్తుంది. 1974లో జింకర్‌నాగెల్, డోహర్టీ అనే శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో తేల్చింది ఇదే. 1996లో వాళ్లకు నోబెల్ వచ్చింది. అలాంటప్పుడు ‘ప్రదర్శన’ ఏం సరిపోతుంది? ‘సమర్పణ’ అసలే కుదరదు. కణం ముక్కను ఇచ్చేయదు, పట్టుకునే ఉంటుంది.

నాకు తోచింది ‘ఆనవాలు చూపడం’. అశోకవనంలో సీతమ్మకు హనుమంతుడు ఉంగరం చూపాడే, ఆ ఆనవాలు. పైగా గుర్తించడాన్ని మనం ‘ఆనవాలు పట్టడం’ అంటాం. కణం ఆనవాలు చూపుతుంది, టి కణం ఆనవాలు పడుతుంది. రెండు పక్కలకూ ఒక్క మాటే!

ఒక పాఠకుడి జవాబు: ఆనవాలు మనవాళ్లని నమ్మించడానికి కదండీ. ఇక్కడ చూపేది శత్రువు ముక్క. ‘దాఖలా’ బాగుండదా?

నా జవాబు: దాఖలా మంచి మాటేనండి, కానీ దానికి ‘పట్టడం’ అతకదు. దొంగ ఆనవాళ్లు అని కూడా అంటాం కదా. ఇంకోటి, జబ్బు లేని కణం కూడా తన సొంత ప్రోటీన్ల ముక్కలను ఇలాగే ఎప్పుడూ చూపుతూ ఉంటుంది. టి కణం మామూలుగా వాటిని చూసి ముందుకు సాగిపోతుంది. మనవాళ్ల గుర్తుకూ, పరాయివాళ్ల గుర్తుకూ చెల్లే మాట ఆనవాలే. ఇక ఎంహెచ్‌సీకి తెలుగు మాట ఎవరికైనా తోస్తే చెప్పండి, సోమవారం క్లాసు ఉంది.