ఫ్యాన్ల టెండర్: ఎల్‌1 లెక్కలోకి కరెంటు బిల్లును తేవడం ఎలా?

ఏఈ_హాస్టళ్లు (ప్రశ్న)

ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా సంక్షేమ హాస్టళ్లకు 900 సీలింగ్ ఫ్యాన్లు కొనాలి, 1200 ఎంఎం స్వీప్ (రెక్కలు తిరిగే వలయం వ్యాసం). ఇప్పుడు తిరుగుతున్నవి 75 వాట్ల పాతవి. మామూలుగా టెండర్ పిలిస్తే 1,450 రూపాయల దగ్గర వన్ స్టార్ ఫ్యానుతో ఎవరో ఒకరు ఎల్‌1 (అందరికన్నా తక్కువ ధర వేసిన పార్టీ, ఆర్డర్ వాళ్లకే) అవుతారు. 30 వాట్ల బీఎల్‌డీసీ (ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే, కరెంటు తక్కువ తాగే మోటార్) ఫ్యాను అయితే 2,650 పడుతోంది.

నేను వేసిన లెక్క ఇది: ఫ్యానుకు 45 వాట్ల ఆదా, రోజుకు 14 గంటలు, ఏడాదికి 270 రోజులు, మొత్తం 170 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు అనుకుంటే 1,190. అంటే ఏడాది తిరిగేసరికి ఎక్కువ పెట్టిన డబ్బు వచ్చేసినట్టే. కానీ పర్చేజ్ కమిటీ ఒకటే మాట అంటోంది: "ఎల్‌1ని వదిలి ఎక్కువ రేటుకు ఎందుకు కొన్నారని ఆడిట్ అడిగితే ఏం చూపిస్తారు?" టెండర్ షెడ్యూల్‌లో ఏం రాస్తే నిలబడుతుంది?

సబ్‌స్టేషన్_లెక్కలు

ముందు మీ లెక్కలో ఉన్న తప్పు సంగతి చూద్దాం, ఎందుకంటే ఆడిట్‌వాళ్లు పట్టుకునేది దాన్నే.

75 వాట్ల ఫ్యాను మీ టెండర్‌లో పోటీదారు కాదు. సీలింగ్ ఫ్యాన్లకు బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) స్టార్ లేబుల్ 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. అప్పటి పట్టిక ప్రకారం 1200 ఎంఎం ఫ్యాను నిమిషానికి కనీసం 210 ఘనపు మీటర్ల గాలి ఇవ్వాలి. వన్ స్టార్‌కి సర్వీస్ వాల్యూ, అంటే ఒక్కో వాట్‌కి ఇచ్చే గాలి, కనీసం 4 ఉండాలి. 210ని 4తో భాగిస్తే 52.5 వాట్లు. కాబట్టి మీ ఎల్‌1 వాడు తెచ్చే ఫ్యానే 52 వాట్ల దగ్గర ఉంటుంది. పాతది తీసేసి ఏ కొత్త ఫ్యాను పెట్టినా కొంత ఆదా వస్తుంది, దాన్ని బీఎల్‌డీసీ ఖాతాలో వేయకూడదు. అసలు తేడా 22 వాట్లే. అంటే ఏడాదికి 83 యూనిట్లు, 580 రూపాయలు. పెట్టుబడి తిరిగి రావడానికి ఏడాది కాదు, రెండేళ్ల పైచిలుకు పడుతుంది. అయినా లాభమే. కంపెనీల బ్రోచర్లన్నీ 75తోనే పోలుస్తాయి, ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టకండి.

ఇక ఫార్ములా. దీనికి కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ల టెండర్లలో ఎప్పటినుంచో ఉన్న లాస్ క్యాపిటలైజేషనే ఇది. అక్కడ కొటేషన్ ధర ఒక్కటే చూసి ఎల్‌1 తేల్చరు. ఐరన్ లాస్‌కి (లోడు లేకున్నా వృథా అయ్యే కరెంటు) కిలోవాట్‌కి ఇంత, కాపర్ లాస్‌కి (లోడును బట్టి వృథా అయ్యేది) ఇంత అని ముందే ప్రకటించిన రేటుతో గుణించి ధరకు కలుపుతారు. ఆ మొత్తం ఎవరిది తక్కువైతే వాళ్లే ఎల్‌1. ఫ్యానుకు ఐరన్, కాపర్ గొడవ కూడా లేదు, వాట్లు ఒక్కటే.

మీ గంటలతో (ఏడాదికి 3,780) ఒక వాట్ అంటే ఏడాదికి 3.78 యూనిట్లు, 26 రూపాయల 46 పైసలు. ఫ్యాను ఆయుష్షు 7 ఏళ్లు, వడ్డీ 8 శాతం అనుకుంటే ఏడేళ్ల ఖర్చును ఈనాటి విలువకు మార్చే గుణకం 5.206. గుణిస్తే ఒక్కో వాట్‌కి 138 రూపాయలు. ఇప్పుడు చూడండి:

వన్ స్టార్: 1,450 + (52 × 138) = 8,626
30 వాట్లది: 2,650 + (30 × 138) = 6,790

వారంటీ దాటాక ఒకసారి పీసీబీ (ఫ్యానులోని ఎలక్ట్రానిక్ బోర్డు) మార్చడానికి 500 కలిపినా రెండోది 7,290 అవుతుంది. అంటే ఎక్కువ రేటుకు కొన్నట్టు కాదు, మీరు ప్రకటించిన లెక్క ప్రకారం ఎల్‌1కే ఇచ్చినట్టు. ఆడిట్‌కి జవాబు అదే.

మూడు జాగ్రత్తలు. 138 అనే అంకె, అది ఎలా వచ్చిందో, టెండర్ పిలిచేనాటికే షెడ్యూల్‌లో అచ్చయి ఉండాలి. ప్రైస్ బిడ్ తెరిచాక ఒక్క పైసా మార్చినా మొత్తం పోతుంది. టారిఫ్‌కి ఆధారంగా మీ హాస్టళ్ల మొన్నటి బిల్లు కాపీ జత చేయండి, నేను తీసుకున్న 7 మీ అంకే. మూడోది, పార్టీలు 28 వాట్లని రాసి 34 వాట్లది దింపుతారు. అందుకని "గ్యారంటీ ఇచ్చిన వాట్ల కన్నా ఎక్కువ తేలితే ప్రతి వాట్‌కీ 138 చొప్పున మొత్తం సరఫరాపై కోత, తక్కువ తేలితే బోనస్ లేదు" అని రాయండి. ఇది కూడా ట్రాన్స్‌ఫార్మర్ల పద్ధతే.

టెండర్_గుమస్తా

లెక్క బాగుంది కానీ 900 ఫ్యాన్లకి ఇంత తతంగం అవసరమా అన్నది నా అనుమానం. జెమ్‌లో (కేంద్రం నడిపే ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్) మామూలు ప్రొడక్ట్ బిడ్ వేస్తే ఎల్‌1ని పోర్టలే తేలుస్తుంది, వాట్ల రేటు కలిపే చోటు అక్కడ ఉండదు. ఫార్ములా పెట్టాలంటే రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో విడిగా టెండర్ పిలవాలి, ప్రీ-బిడ్ మీటింగ్‌లో ప్రతి పార్టీకీ అరటిపండు ఒలిచినట్టు చెప్పాలి, కొరిజెండం (టెండర్ సవరణ ప్రకటన) ఇవ్వాలి.

నా సలహా: "5 స్టార్ లేదా అంతకు మించి" అనేది కనీస అర్హతగా పెట్టేయండి. 2023 పట్టికలో 5 స్టార్ అంటే సర్వీస్ వాల్యూ 6 లేదా ఆ పైన, అంటే 210 గాలికి 35 వాట్లు మించవు. ఆ తర్వాత అందరూ ఒకే గీత మీద ఉంటారు, ధర తక్కువ ఉన్నవాడే ఎల్‌1. నోటిఫై చేసిన విద్యుత్ ఉపకరణాలు నిర్ణీత స్టార్ స్థాయికి తగ్గకుండా కొనాలని కేంద్రం జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 173వ రూల్‌లోనే ఉంది. అవి రాష్ట్రాన్ని నేరుగా కట్టిపడేయవు, కానీ నోట్‌లో ఊతంగా పనికొస్తాయి. సబ్‌స్టేషన్ గారి లెక్కను టెండర్‌లో కాకుండా నోట్‌ఫైల్‌లో, "5 స్టారే ఎందుకు" అన్నదానికి సమర్థనగా పెట్టండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. స్పెసిఫికేషన్‌లో "బీఎల్‌డీసీ" అని రాయకండి, బ్రాండ్ పేరు అసలే వద్దు. సర్వీస్ వాల్యూ, గాలి, పవర్ ఫ్యాక్టర్ రాయండి. ఆ పని ఏ మోటార్ చేస్తే మీకేం? కనీసం ముగ్గురు తయారీదారుల మోడళ్లు మీ స్పెక్‌కి సరిపోతున్నాయని బీఈఈ జాబితాలోంచి ప్రింట్ తీసి ఫైల్లో ఉంచండి. ఒక్క కంపెనీ కోసమే షెడ్యూల్ రాశారన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ఆ ఒక్క కాగితమే కాపాడుతుంది. స్టార్ పట్టికలకు గడువు ఉంటుంది, మధ్యలో మారతాయి. "టెండర్ తేదీ నాటికి అమల్లో ఉన్న పట్టిక ప్రకారం" అన్న ముక్క మరవకండి.

సబ్‌స్టేషన్_లెక్కలు

గుమస్తా గారు, 900కి మీ మాటే సరి, ఒప్పుకుంటాను. కానీ 35 వాట్లదీ 28 వాట్లదీ మీ పద్ధతిలో ఒకటే. ఆ 7 వాట్లు ఏడేళ్లలో ఫ్యానుకు 966 రూపాయలు. రాష్ట్ర స్థాయి రేట్ కాంట్రాక్ట్ (ఒకసారి ధర ఖరారు చేసి అన్ని ఆఫీసులూ కొనే ఒప్పందం) అయితే ఫార్ములా లేకపోవడం నష్టం. పెద్ద ఆర్డర్ సంగతి వేరని చౌక ఎల్‌ఈడీ బల్బుల ఉజాలా పథకంలోనే తేలింది కదా, ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ టోకున కొన్న ఎల్‌ఈడీ బల్బు 2014లో 310 రూపాయలు, 2016కి 38 అయింది.

గ్రీన్_క్లాజ్

ఫార్ములా పెట్టినా పెట్టకపోయినా, తనిఖీ చేయలేనిదానికి మార్కులు ఇవ్వకండి. దీని మీద యూరప్‌లో ఒక పాత కేసు ఉంది. ఆస్ట్రియాలో కరింథియా రాష్ట్రంలోని కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు కరెంటు కొనే టెండర్‌లో పునరుత్పాదక విద్యుత్‌కి 45 శాతం వెయిటేజీ పెట్టారు. ఈవీఎన్ అనే సంస్థ సవాలు చేస్తే 2003లో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది ఇదీ: 45 శాతం పెట్టడం తప్పు కాదు. కానీ పార్టీ చెప్పింది నిజమో కాదో చూసుకునే ఏర్పాటు టెండర్‌లో లేకపోతే అది చెల్లదు. మీరు కొనే కరెంటుకి మించి అతను ఇంకెంత గ్రీన్ కరెంటు అమ్మగలడన్న దానికి మార్కులివ్వడమూ చెల్లదు, ఎందుకంటే దానికీ మీ కొనుగోలుకీ సంబంధం లేదు. మన దగ్గర "పర్యావరణ హిత సంస్థకు 10 మార్కులు" అని రాసే షెడ్యూళ్లన్నీ ఈ రెండో గుంతలోనే పడతాయి.

మీకు తనిఖీ అంటే: కార్టన్ మీద ఐఎస్ఐ గుర్తు కింద ఉండే సీఎం/ఎల్ నంబర్‌ని (తయారీదారు లైసెన్స్ నంబర్) బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడటం, లేబుల్ మీది మోడల్ నంబర్‌ని బీఈఈ జాబితాతో అక్షరం అక్షరం పోల్చడం (చివర ఒక్క అక్షరం తేడాతో వేరే మోడల్ వస్తుంది), స్టోర్‌కి చేరిన సరుకులోంచి మీరే ఎంచి ఐదారు ఫ్యాన్లు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి ఐఎస్ 374 (సీలింగ్ ఫ్యాన్ల భారత ప్రమాణం) ప్రకారం పరీక్షకు పంపడం. పార్టీ ఇచ్చిన శాంపిల్ పంపితే ఆ పరీక్షకు అర్థం లేదు. పరీక్ష ఖర్చు ఎవరిదో, ఫెయిలైతే లాట్ మొత్తం వెనక్కా కాదా అన్నది షెడ్యూల్‌లోనే తేల్చేయండి.

లైన్‌మ్యాన్_మాట

ఫైలు సరే, గోడ దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను. బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూలపడటానికి కారణం చాలాసార్లు మోటార్ కాదు, బిగించిన తీరు.

పాత రెగ్యులేటర్‌ని అలాగే ఉంచి దాని వైరుకే కొత్త ఫ్యాను కలిపేస్తారు. రెగ్యులేటర్ మధ్యలో ఉంటే పీసీబీకి సరైన వోల్టేజీ అందదు. ఫ్యాను ఆగి ఆగి తిరుగుతుంది, కొన్నాళ్లకు బోర్డు పోతుంది. బిగించే పనిని కూడా సరఫరా కాంట్రాక్ట్‌లోనే కలిపి, "పాత రెగ్యులేటర్ తీసి, ఫేజ్ నేరుగా కలిపి, ఖాళీకి బ్లాంక్ ప్లేట్ వేయాలి" అని ఐటెమ్‌గా రాయండి. రాయకపోతే ప్లేట్ ఎవరూ వేయరు, పిల్లలు వేళ్లు పెడతారు.

రెండోది రిమోట్. డార్మిటరీలో రిమోట్ నెల కూడా ఉండదు. ఉన్నా, ఒకే హాల్లో పది ఫ్యాన్లుంటే ఒకటి నొక్కితే పక్కవీ మారతాయి. అందుకే గోడ మీద స్విచ్‌తోనో, గోడ కంట్రోల్‌తోనో వేగం మారే మోడల్ అడగండి. కరెంటు పోయి వచ్చాక పాత వేగంలోనే మొదలవ్వాలి అన్న షరతూ పెట్టండి, లేదంటే అర్ధరాత్రి ఫ్యాన్లన్నీ ఆగి ఉంటాయి, రిమోట్ వార్డెన్ సొరుగులో తాళం కింద ఉంటుంది.

పల్లె ఫీడర్లలో వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు పోయేది పీసీబీయే. మోటార్‌కీ పీసీబీకీ వారంటీ విడివిడిగా ఎన్నేళ్లో రాయించుకోండి. సరఫరాతో పాటే 5 శాతం, అంటే 45 స్పేర్ పీసీబీలు స్టోర్‌లో ఉండాలి. "ఫిర్యాదు అందిన 7 రోజుల్లో హాస్టల్‌లోనే మార్చాలి, ఆ తర్వాత రోజుకి ఇంత కోత" అని ఉండాలి. పర్ఫార్మెన్స్ గ్యారంటీ (పార్టీ ఇచ్చే పూచీ సొమ్ము) వారంటీ ముగిసి మరో 60 రోజుల దాకా చెల్లేలా తీసుకోండి. సరఫరా అవ్వగానే వదిలేస్తే ఆ పార్టీ మళ్లీ ఫోన్ ఎత్తడు.

దించిన పాత ఫ్యాన్లను సర్వే రిపోర్ట్‌తో కండెమ్ చేసి (ఇక వాడకానికి కావని రాసి) బైబ్యాక్‌లో (పాతవి పార్టీయే కొనుక్కునే షరతు) పెట్టండి, లోపల రాగి ఉంది కాబట్టి రేటు వస్తుంది. "పనిచేస్తున్నాయి కదా" అని వంటగదికీ, స్టోర్‌కీ బిగిస్తే 75 వాట్లు అలాగే తిరుగుతూ ఉంటాయి, బిల్లులో మీరు చూపిన ఆదా కనబడదు.

ఏఈ_హాస్టళ్లు

అందరికీ ధన్యవాదాలు. 5 స్టార్ అర్హతతోనే వెళ్తాను, 52 వాట్లతో పోల్చిన లెక్క నోట్‌లో పెడతాను. ఒక్క సందేహం: ఈ 900లో 60 ఫ్యాన్లు మీటింగ్ హాళ్లవి. ఏడాదికి 150 రోజులు, రోజుకు 4 గంటలు తిరుగుతాయేమో. వాటికీ ఇదేనా?

సబ్‌స్టేషన్_లెక్కలు

కాదు. 600 గంటలకు వాట్ విలువ 22 రూపాయలే. 22 వాట్ల తేడాకి ఏడేళ్లలో వచ్చేది 480, మీరు ఎక్కువ పెట్టేది 1,200. ఆ 60నీ వేరే ఐటెమ్‌గా విడదీసి వన్ స్టార్‌వే తీసుకోండి. ఆ లెక్క కూడా అదే నోట్‌లో, డార్మిటరీల లెక్క కిందే రాయండి.