చూపులేని పిల్లలకి సంగీతం క్లాసులో వేరే బ్యాచ్ పెట్టడం సరైనదేనా?

కాకినాడ_కాజా:
మా పాపకి చూపు లేదు. గాత్రం నేర్చుకుంటోంది. అలాంటి పిల్లలు ఇంకో ఇద్దరు చేరారని టీచరుగారు ఆదివారం వేరే బ్యాచ్ పెడతానంటున్నారు. నాకెందుకో మనసొప్పడం లేదు. మీరేమంటారు?

గాత్రం_మాస్టారు:
ఇందులో తప్పేముందమ్మా? నేనూ అదే చేస్తాను. మామూలు క్లాసులో స్వరం బోర్డు మీద రాస్తే పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు. ఒక్కరి కోసం మళ్ళీ మళ్ళీ పాడుతూ కూర్చుంటే మిగతా తల్లిదండ్రులు ఊరుకోరు.

కాకినాడ_కాజా:
వాళ్ళకి నోట్సుంది కదండీ, మా పాపకి ఫోన్లో రికార్డు చేసుకోనివ్వమంటే ఒప్పుకోలేదు. అదొక్కటి ఇస్తే చాలు కదా.

గాత్రం_మాస్టారు:
రికార్డింగ్ నేనూ ఒప్పుకోను. ఓ తండ్రి నా పాఠం మొత్తం, మధ్యలో నేను దగ్గడంతో సహా, యూట్యూబులో పెట్టేశాడు. పైగా రికార్డు ఉందన్న ధీమాతో పిల్లలు క్లాసులో చెవి పెట్టరు.

తంబూరా_శ్రుతి:
మీ ఫోన్లోనే రికార్డు చేసి ఆ తల్లికి మాత్రమే పంపొచ్చుగా సార్.

గాత్రం_మాస్టారు:
ఆవిడ ఇంకొకరికి పంపదని గ్యారంటీ ఏమిటి?

రాజాం_రాజు:
విజయనగరం సంగీత కళాశాల 1919లో పుట్టిందే చూపులేని పిల్లాడి వల్ల. ఆస్థానంలో ఉన్న చాగంటి జోగారావుగారు తన కొడుక్కి సంగీతం నేర్చుకునే దారి చూపమంటే, మహారాజావారు ఆ ఒక్కడికీ మాస్టార్ని పెట్టి సరిపెట్టకుండా అందరికీ బడి పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న ద్వారం వెంకటస్వామినాయుడుగారికీ చూపు సరిగ్గా ఆనేది కాదు. ఘంటసాల చదివింది అక్కడే. అందరూ ఒకే బడిలో!

గాత్రం_మాస్టారు:
రాజుగారు జీతాలిచ్చారు కాబట్టి నడిచింది. నేను ఇంటి ముందు గదిలో చాప వేసుకుని చెప్పుకునేవాణ్ణి.

చక్రాలబండి:
2016 దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ చదవండి. డ్యాన్సు, ఆర్ట్ క్లాసుల్లో మేం పాల్గొనేలా చూడాలనీ, కళల కోర్సుల్ని అందుకు తగ్గట్టు మార్చాలనీ ఉంది. అది ప్రభుత్వాలకి చెప్పిన మాట, మాస్టారిని అనడం లేదు. కానీ మా ఊరి హాలుకి ర్యాంపు ఉంది, లోపల స్టేజికి మాత్రం మెట్లే. నేను వచ్చి చప్పట్లు కొట్టొచ్చు, ఎక్కి పాడటానికి లేదన్నమాట.

నల్లకళ్ళజోడు:
నాకు పుట్టుకతోనే చూపు లేదు, ఫ్లూటు వాయిస్తాను. వేరే బ్యాచ్‌ని అంత తీసిపారేయకండి. అంధుల పాఠశాలలో మా సార్ నా వేళ్ళు పట్టుకుని ఒక్కో రంధ్రం మీద ఆనించి, సగం మూస్తే ఏ స్వరం పలుకుతుందో చూపించేవారు, తప్పితే చెవి మెలేసేవారు. తర్వాత మామూలు క్లాసులో చేరితే అపస్వరం పలికినా "పాపం, ఎంత బాగా వాయించాడో" అనేవారు. ఆ పాపం వల్లే నా చదువు ఆగింది.

కాకినాడ_కాజా:
సరిగ్గా మా ఇంటి కథ. వార్షికోత్సవంలో దీపం వెలిగించగానే మా పాపని పిలుస్తారు. ఒక గీతం, ముఖ్య అతిథి చేత శాలువా, ఫోటో, అయిపోయింది. తనతో చేరినవాళ్ళు గీతాలు దాటి పై మెట్టు వర్ణాలు పాడుతున్నారు, ఇది మాత్రం అదే గీతం.

గాత్రం_మాస్టారు:
మర్యాద చేసినా తప్పేనా? అలాంటి పిల్లల దగ్గర నేను ఒక్క రూపాయి తీసుకోను. మీ టీచరూ తీసుకోరనుకుంటాను. సేవ చేసేవాళ్ళని ఇలా బజారుకీడిస్తే రేపు ఎవరూ చేర్చుకోరు, గుర్తుపెట్టుకోండి.

కాకినాడ_కాజా:
తీసుకోరండీ, నా ఏడుపంతా అదే! ఫీజు కట్టే తల్లి గుమ్మంలో నిలబడి "మావాడు వర్ణానికి ఎప్పుడొస్తాడు?" అని గట్టిగా అడుగుతుంది. నేనడిగితే ఊరికే చెప్పించుకుంటూ ఇంత నోరా అనుకుంటారు. కవర్లో ఫీజు పెట్టి పంపితే "ఆ పిల్ల దగ్గర డబ్బులేమిటమ్మా" అని తిప్పి పంపేశారు. ఇక వేరే బ్యాచ్‌లో వేస్తే పక్కవాళ్ళు ఎంతవరకూ వచ్చారో కూడా మాకు తెలీదు.

నల్లకళ్ళజోడు:
మాస్టారూ, ఫీజు తీసుకోండి. తీసుకుని తిట్టండి.

రాజాం_రాజు:
😂

గాత్రం_మాస్టారు:
ఫీజు సంగతి ఆలోచిస్తాను. రికార్డింగ్ మాత్రం ఇవ్వను.