పక్క ప్రయాణికుల సేవా శునకం మన కాళ్ల చోటులోకి వస్తే ఏం చేయాలి?

నడవసీటు:
ఇటీవల అమెరికా దేశీయ విమానంలో నా పక్కనున్న ప్రయాణికురాలి సేవా శునకం (వైకల్యం ఉన్నవారికి సాయపడేలా శిక్షణ పొందిన కుక్క), ఒక లాబ్రడార్, దారి పొడుగునా నా ముందు సీటు కింద తల పెట్టుకుని పడుకుంది. నేను కాళ్లు నడవలోకి చాపితే, తోపుడు బండి వచ్చిన ప్రతిసారీ సిబ్బంది నన్నే సర్దుకోమన్నారు. ఆ కుక్క ఒక్కసారి కూడా మొరగలేదు కాబట్టి దాని ప్రవర్తనపై నాకు ఫిర్యాదు లేదు. కాళ్లు పెట్టుకునే చోటు నా టికెట్టులో భాగమా, కాదా?

వెన్నెల:
భాగమే. 2021 జనవరి 11న అమల్లోకి వచ్చిన అమెరికా రవాణా శాఖ నిబంధనల ప్రకారం సేవా శునకం తన మనిషి కాళ్ల చోటులోనో ఒడిలోనో ఇమడాలని ఎయిర్‌లైన్ కోరవచ్చు. ఇమడకపోతే అదే తరగతిలో చోటున్న మరో సీటు చూపాలి. సిబ్బంది చేయని పనికి ఆమెను తప్పుపట్టకండి. నాకు మూర్ఛ వ్యాధి ఉంది. మూర్ఛ వచ్చినప్పుడు పక్కవారిని అప్రమత్తం చేసేలా శిక్షణ పొందిన నా కుక్క లేకుండా నేను విమానం ఎక్కను.

నడవసీటు:
ఎకానమీలో సీటు వరుసకూ వరుసకూ మధ్య దూరం సాధారణంగా 30, 31 అంగుళాలే. 30 కిలోల కుక్క అందులో ఎలా ఇముడుతుందో చెప్పండి.

బాటసారి:
మా అబ్బాయికి కుక్క వెంట్రుకలు పడవు. మా గోడు ఎవరూ వినరు.

పరిశీలకుడు:
పక్కవారి అలర్జీ కారణంగా సేవా శునకాన్ని దింపేయకూడదు, అలాగని అలర్జీని పట్టించుకోకుండా ఉండకూడదు. ఇద్దరినీ వీలైనంత దూరంగా కూర్చోబెట్టమని మీరు ముందుగానే అడగండి.

నడవసీటు:
నా ప్రశ్న పక్కకు పోయింది. ఆమె చకచకా నడిచి వచ్చి, బరువైన సంచిని తనే పైఅరలోకి ఎత్తింది. ఆమెకు ఏ వైకల్యమూ కనబడలేదు.

వెన్నెల:
ఇప్పుడు అసలు మాట బయటపడింది! మీకు అడ్డొచ్చింది కుక్క తల కాదు, ఆమె ఆరోగ్యంగా కనబడటం. మూర్ఛ రాని వేళ నేనూ అలాగే నడుస్తాను, సంచులు ఎత్తుతాను. మీ కళ్లకు ఆనేంత జబ్బు ఉంటేనే నాకు హక్కు ఉంటుందా?

నడవసీటు:
కోపం అక్కర్లేదు. మోకాలి శస్త్రచికిత్స తరువాత కాలు ముడవలేక, అదనపు రుసుము కట్టి నడవ పక్క సీటు తీసుకున్నాను. నా నొప్పిని ఎవరూ అడగలేదు. ఆమె మాత్రం తన కుక్క శిక్షణ పొందిందని తానే ఫారం నింపి ఇస్తే సరిపోయింది. యజమానే శిక్షకుడు కావచ్చు, స్వతంత్ర పరీక్ష లేదు. ఎమోషనల్ సపోర్ట్ పేరిట, అంటే మనసుకు ఊరటనిచ్చే తోడు అంటూ, పెంపుడు జంతువులను ఎక్కించిన రోజులు నేను చూశాను. అప్పటి నుంచే నాకు నమ్మకం పోయింది.

వెన్నెల:
ఆ అవకాశాన్ని ఈ నిబంధనలే తీసేశాయి. ఎమోషనల్ సపోర్ట్ జంతువులను సేవా జంతువులుగా గుర్తించాల్సిన బాధ్యత ఇప్పుడు ఎయిర్‌లైన్‌కు లేదు; సేవా జంతువు అంటే నిర్దిష్టమైన పనికి శిక్షణ పొందిన కుక్క మాత్రమే. ఫారంలో అబద్ధం రాస్తే ఫెడరల్ నేరమని ఆ ఫారం మీదే ఉంటుంది. స్వతంత్ర పరీక్ష తప్పనిసరి చేస్తే, కుక్కను సొంతంగా తీర్చిదిద్దుకున్న పేదవారే ముందు నష్టపోతారు. మీ మోకాలి నొప్పిని నేను ఏ కాగితమూ అడగకుండా నమ్మాను. ఆమె విషయంలో మీకు అదే ఎందుకు కష్టమైంది?

పరిశీలకుడు:
ఒక మాట. ఫారాన్ని 48 గంటల ముందే ఇవ్వమని ఎయిర్‌లైన్ కోరవచ్చు. అలా కోరితే పెద్ద కుక్క వస్తోందని దానికి ముందే తెలుస్తుంది. పక్క సీటువారిని అప్పుడే అడిగి మార్చితే ఈ ఘర్షణలో సగం ఉండదు.

నడవసీటు:
ముందే అడిగితే సంతోషంగా మారేవాడిని, ఆ మాట ఒప్పుకుంటాను. వెన్నెల గారూ, మీరు నన్ను నమ్మినా, కాలు చాపుకునే చోటుకు ఎయిర్‌లైన్ నా దగ్గర డబ్బు తీసుకుని, ఆ చోటును నాకు చెప్పకుండానే మరొకరికి ఇచ్చింది. స్వతంత్ర పరీక్ష ఉండాలన్న మాటను నేను వెనక్కి తీసుకోను.

వెన్నెల:
అయితే ఆ పరీక్ష ఖర్చు ఎవరు భరించాలో కూడా మీరే చెప్పండి.