అత్తమ్మకు తొక్కులో ఉప్పు, పులుపు, కారం తప్ప ఏమీ తెలియడం లేదు. లోపం నాలుకదా, ముక్కుదా?

మిర్యాలగూడ కోడలు:
నెలన్నర కింద మా ఇంట్లో అందరికీ సర్ది చేసి జ్వరాలు వచ్చాయి. మాకు వారంలో తగ్గింది గానీ అత్తమ్మకు (62 ఏళ్లు) ముక్కుదిబ్బడ పోయినా నోరు ఇంకా చప్పగానే ఉంది. మామిడికాయ తొక్కు తింటే ఎల్లిగడ్డ, మెంతిపిండి జాడే తెలియడం లేదట. "ఏం తిన్నా ఒక్క తీరుగనే ఉంది బిడ్డా" అంటుంది. మొన్న పచ్చిపులుసుకు తాలింపు పెడుతూ ఎండుమిర్చి మాడబెట్టింది, నేను పెరట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆమె కళ్ల నిండా నీళ్లు, కానీ మాడు వాసన మాత్రం రాలేదట! రుచి లేదని అన్నింట్లో పైనుంచి ఉప్పు కలుపుకుంటుంది, బీపీ మనిషి, నాకు అదే టెన్షన్.

జడ్చర్ల జువాలజీ సార్:
అమ్మా, మీరు రాసిన దాంట్లోనే జవాబు ఉంది. ఉప్పు, పులుపు తెలుస్తున్నాయంటే నాలుక బాగానే ఉన్నట్టు. నాలుకకు తెలిసేవి ప్రధానంగా ఐదు: తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఐదోది ఉమామి, అంటే మాంసం ఉడికిన నీళ్లలో, బాగా పండిన టమాటలో ఉండే కమ్మదనం, 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెడా దానికి ఆ పేరు పెట్టాడు. కారం అసలు రుచే కాదు, మంట. మిర్చిలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది, ఆ కబురును ముఖానికి స్పర్శ, నొప్పి తెలిపే ట్రైజెమినల్ నాడి మోస్తుంది. మీ అత్తమ్మకు కళ్లు మండి కూడా వాసన రాకపోవడం అందుకే, ఘాటు దారి వేరు, వాసన దారి వేరు.

ఎల్లిగడ్డ, మెంతి, ఇంగువ అని మనం పేరు పెట్టి చెప్పేదంతా చాలావరకు ముక్కు పని. నమిలేటప్పుడు లేచే ఆవిరి కొండనాలుక వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది, అక్కడ పైకప్పు దగ్గర చిన్న పొరలో వాసన కణాలుంటాయి. వాటి మీద గ్రాహకాలు సుమారు 400 రకాలు, ఒక్కో వాసన కొన్నింటిని కలిపి తడుతుంది, ఆ కలయికను బట్టి మెదడు గుర్తుపడుతుంది. ఈ గ్రాహకాల జన్యువులను 1991లో బయటపెట్టిన లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌కు 2004లో నోబెల్ వచ్చింది. సర్ది వైరస్ ఆ పొరను దెబ్బతీస్తే దిబ్బడ పోయినా వాసన రాదు. ముక్కు గట్టిగా మూసి చిటికెడు జీలకర్ర నమలమనండి, తర్వాత ముక్కు వదలమనండి. మీరూ చేయండి, మీకైతే వదలగానే గుప్పుమంటుంది.

హాలియా తమ్ముడు:
సార్, నాలుక కొసన తీపి, వెనక చేదు అని మాతో బళ్లో బొమ్మ గీయించారు కదా?

జడ్చర్ల జువాలజీ సార్:
ఆ పటం తప్పు. రుచి మొగ్గలున్న చోటల్లా అన్ని రుచులూ తెలుస్తాయి. ఉప్పు పలుకు నాలుక పక్కన పెట్టి చూడు.

దేవరకొండ అక్క:
చెల్లె, 2021లో కరోనా తర్వాత నాలుగు నెలలు నాదీ ఇదే గతి. వాసన తిరిగొచ్చేటప్పుడు ఉల్లిగడ్డ వేగుతుంటే రబ్బరు కాలినట్టు కొట్టేది, పొయ్యి దగ్గర ఏడ్చేదాన్ని. డాక్టర్ వాసన సాధన చేయమన్నారు: గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, పొద్దున, రాత్రి ఒక్కొక్కటి ఇరవై సెకన్లు, ఆ వాసనను మనసులో గుర్తు చేసుకుంటూ పీల్చాలి, కనీసం మూడు నెలలు. వాసన కణాలు మళ్లీ పుడతాయి కాబట్టి ఆశ ఉంటుంది, అందరికీ పూర్తిగా వస్తుందని మాత్రం కాదు. నిమ్మ బదులు నేను మన బత్తాయి తొక్కను గోటితో గిల్లి పీల్చేదాన్ని. నెల దాటింది కదా, ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. ఉప్పు డబ్బా పక్కకు పెట్టి చింతపులుసు, మిరియం కాస్త ఎక్కువ వేయండి, అవి ఆమెకు అందుతున్నాయి. ఇంకోమాట, వంట గ్యాసుకు సొంత వాసన లేదు, లీకైతే తెలియడానికే కంపు కొట్టే మెర్‌కాప్టాన్ కలుపుతారు. ఆమెకు అది తెలియదు, రాత్రి రెగ్యులేటర్ మీరే కట్టేయండి.

మిర్యాలగూడ కోడలు:
జీలకర్ర ముక్కు మూసినా, వదిలినా ఆమెకు ఒక్కటే. నాకు మాత్రం సార్ చెప్పినట్టే అయింది. డాక్టర్ కూడా సాధనే చెప్పారు, పన్నెండు రోజుల నుంచి చేయిస్తున్నాను. ఈ పొద్దున బత్తాయి తొక్క గిల్లి ఇస్తే కళ్లు మూసుకుని చాలాసేపు పీల్చింది, "బత్తాయి అని తెలుస్తలేదు గానీ, ఏదో ఉన్నది బిడ్డా" అంది.