దేవుడు లేని ఇంట్లో దీపం పెట్టొచ్చా?

పటమట, విజయవాడ

మా పెదనాన్న పోయిన నెల పోయారు. జీవితమంతా నాస్తికుడు. ముందే రాసిచ్చినట్టు కళ్లు ఐ బ్యాంకుకి, దేహం మెడికల్ కాలేజీకి ఇచ్చేశాం. అంబులెన్సు సందు మలుపు తిరిగింది. లోపలికొచ్చి చూస్తే ఎవరికీ చేయడానికి ఏ పనీ లేదు. కర్మకాండ ఉన్న ఇళ్లలో కనీసం చేతులకి పనుంటుంది.

పదకొండో రోజు పెద్దమ్మ ఆయన కళ్లజోడు చీర చెంగుతో తుడిచి, బల్ల మీద పెట్టి, పక్కన ప్రమిదలో నూనె పోసి వెలిగించింది. "దేవుడికి కాదురా, ఆయనకీ కాదు, నాకు" అంది. కాసేపు అందరం మౌనంగా కూర్చున్నాం. మా నాస్తిక సంఘంలో పెద్దాయన ఒకరు తర్వాత నన్ను పక్కకి పిలిచి, "ఇవాళ దీపం, రేపు పంతులు" అన్నారు. దేవుణ్ని నమ్మనివాళ్లకి ఆధ్యాత్మికత ఉండకూడదా? ఉండాలనే నా నమ్మకం.

బ్రాడీపేట, గుంటూరు

తమ్ముడూ, పెద్దమ్మగారి దుఃఖాన్ని నేను తప్పుపట్టను. నా పేచీ ఆ మాటతోనే. ఆధ్యాత్మికత అన్న మాటలోనే ఆత్మ ఉంది. ఆత్మ లేదంటూ ఆ మాట ఎలా వాడతాం? నాస్తికోద్యమ నాయకుడు గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో మీ పటమటకే తీసుకొచ్చారు. వాళ్లు పట్టుకున్నది పని: సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు. ఆయన భార్య సరస్వతీ గోరా గారు కడుపుతో ఉండి గ్రహణాన్ని లెక్కచేయకుండా తిరిగారు. అదీ నీతి. ఇవాళ ఆధ్యాత్మికత పేరు చెప్పి రంగురాళ్లు కూడా అమ్ముతున్నారు.

పటమట, విజయవాడ

అన్నా, గోరా గారి ఇంటి మాటే చెబుతాను. వాళ్ల పెద్దమ్మాయి మనోరమ గారికి, దళితుడైన అర్జునరావు గారికి పెళ్లి జరిపిస్తానని గాంధీ గారు మాటిచ్చారు. పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు వచ్చే చోట సత్యం అనడానికీ ఒప్పుకున్నారు. 1948 జనవరిలో ఆయన హత్య జరిగింది. మార్చిలో ఆ పెళ్లి గాంధీ గారి ఆశ్రమం సేవాగ్రాంలోనే చేశారు. అంటే దేవుణ్ని తీసేశారు కానీ ప్రమాణాన్ని ఉంచుకున్నారు కదా! నాకు కావలసింది అదే. ఆ మాట మీకు నచ్చకపోతే వదిలేస్తాను. దీపం మాత్రం వదలను.

గుంటూరు, మెడిసిన్ ఫస్టియర్

అన్నయ్యా, నేను దేవుణ్ని నమ్ముతాను. అయినా ఒకటి చెప్పాలి. అనాటమీ మొదటి రోజు డిసెక్షన్ హాల్లో ఫార్మాలిన్ వాసనకి కళ్లు మండుతుంటే, టేబుల్ చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఈ దేహాన్ని మా మొదటి గురువుగా గౌరవిస్తామని అందరం కలిసి ప్రమాణం చేశాం. అందులో దేవుడి పేరు లేదు. ఆ తర్వాత హాల్లో ఎవరూ కిక్కురుమనలేదు. మా టేబుల్ మీద ఉన్నాయన పేరు మాకు తెలియదు. చూపుడు వేలి మీద మాత్రం పాత సిరా మరకలాంటి మచ్చ ఉంది. ఇప్పటికీ బ్లేడు పట్టుకునే ముందు ఒకసారి ఆ చేతిని చూస్తాను.

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయీ, దాన్ని నేను కృతజ్ఞత అంటాను. ఆ మాట చాలు నాకు. కృతజ్ఞతకైతే దీపం పెట్టుకోమను తమ్ముడూ, నాకు అభ్యంతరం లేదు.

పటమట, విజయవాడ

చెల్లీ, నువ్వు రాసింది పెద్దమ్మకి చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది. కళ్లు తుడుచుకుని, ఆ పిల్లలకి పరీక్షలెప్పుడో కనుక్కోమంది.