పాలవెల్లిలో ‘వె’నా, ‘వ’నా? శారదనీరదేందు పద్యంతో ఒక చిక్కు

ఏలూరు అమ్మాయి:
చవితికి ఇంకా వారం ఉంది. ఈసారి మా అపార్ట్‌మెంటు పిల్లలందరూ మా హాల్లో చేరి కాగితంతో పాలవెల్లి, అంటే పూజలో వినాయకుడి పైన వేలాడదీసే చట్రం, కడుతున్నారు. అటక మీది చెక్క పాలవెల్లికి చెదలు పట్టాయి. అందుకని అట్టముక్కలు కోసి, అడ్డంగా నిలువుగా అల్లి, పసుపురంగు కాగితం అంటించాం. వేలాడదీసే మొక్కజొన్న పొత్తులు, వెలక్కాయలు, బత్తాయిలు కూడా కాగితంవే. నాలుగు మూలలా పురికొస కడుతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. పాలవెల్లి కట్టేటప్పుడు ఆవిడ ఒక పద్యం అనేది. నాకు మధ్యలో ముక్క ఒక్కటే మిగిలింది: “సుధాపయోధి సితతామర...” అని. అది పోతన శారదనీరదేందు అని తెలుసు, నా సందేహం అది కాదు. వినాయకుడి పాలవెల్లి దగ్గర సరస్వతి పద్యం ఎందుకు? ఆ పద్యంలో పాలవెల్లి ఊసు ఎక్కడైనా ఉందా?
ఇంకోటి. ఒక పాప చార్టు మీద ‘పాలవల్లి’ అని రాసింది. దిద్దబోయి ఆగిపోయాను. తప్పేనా?

అవధానప్రియ:
ఉందండి. మాటగా లేదు, అర్థంగా ఉంది. పాలవెల్లి అంటే పాలకడలి. సుధాపయోధి అన్నా అదే. మీ నాయనమ్మగారు ఊరికే అనలేదు. ఇక అక్షరం సంగతి. వెల్లి అంటే ప్రవాహం. వెల్లువ, వెల్లివిరియడం అన్నీ ఆ ఇంటి మాటలే. పాపను దిద్దండి.

మైలవరం మాస్టారు:
పాపను దిద్దే ముందు పద్యాన్ని దిద్దుకుందాం. పద్యం పూర్తిగా ఇదీ: “శారదనీరదేందు ఘనసార పటీర మరాళ మల్లికా / హార తుషార ఫేన రజతాచల కాశ ఫణీశ కుంద మం / దార సుధాపయోధి సితతామరసామరవాహినీ శుభా / కారత నొప్పు నిన్ను మదిఁ గానఁగ నెన్నఁడు గల్గు భారతీ!” ‘సితతామర’ దగ్గర ఆగకూడదమ్మా. అది సిత తామరస + అమరవాహినీ. తామరసం అంటే తామరపువ్వు, అమరవాహిని అంటే ఆకాశగంగ. ‘సామరవాహిని’ అనే వాహిని ఎక్కడా లేదు. నేను చదువు చెప్పినన్నాళ్ళూ తరగతికి నలుగురైనా “తామర, సామరవాహినీ” అనే అప్పజెప్పేవాళ్ళు.

అవధానప్రియ:
అది పిల్లల తప్పు కాదు మాస్టారూ, ఉత్పలమాల నడకే అలా విరుస్తుంది. మూడో పాదం గణాలుగా చూడండి: దారసు, ధాపయో, ధిసిత, తామర, సామర, వాహినీ, శుభా. భ ర న భ భ ర వ. ‘తామర’ ఒక భగణం, ‘సామర’ ఇంకో భగణం. పైగా యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు, పదో అక్షరం ‘తా’ మీద పడింది. నోరు అక్కడ ఊతం తీసుకుని ‘తామర’ దగ్గర విడిచిపెడుతుంది. నాయనమ్మలు పద్యాన్ని చెవితో నేర్చుకున్నారు, ఆ చెవికి గణమే మాట.

మైలవరం మాస్టారు:
ఒప్పుకుంటాను. యతి మాట వచ్చింది కనుక రెండో పాదం కూడా చూడండి. ‘హార’ తో మొదలై, పదో అక్షరం రజతాచలలో ‘తా’. హకారానికి తకారం ఎలా కుదిరిందని అడిగేవాళ్ళు ఉంటారు. రజత + అచల, సంధిలో దాగిన ‘అ’కు హకారంతో మైత్రి. పోతన్న చేతిలో ఇలాంటివి అతుకు కనబడకుండా పోతాయి.

ఓరుగల్లు వాసి:
మా బమ్మెర పోతన్న పద్యం నడుస్తుంటే ఊరుకోలేక వచ్చాను. ఆ పద్యంలో తెల్లటివి ఎన్నో ఎవరైనా లెక్కపెట్టారా? నా లెక్కకు 16. శరత్కాలపు మేఘం, చంద్రుడు, కర్పూరం, చందనం, హంస, మల్లెల దండ, మంచు, నురుగు, వెండికొండ, రెల్లుపువ్వు, ఆదిశేషుడు, మొల్ల, మందారం, పాలకడలి, తెల్లతామర, ఆకాశగంగ.

అవధానప్రియ:
‘మల్లికాహార’ను మల్లెలు, హారం అని రెండుగా తీస్తే 17. పాదం కూడా అక్కడే విరిగింది, ‘మల్లికా’ పైన, ‘హార’ కింద. నాకు 17 ఇష్టం.

ఓరుగల్లు వాసి:
పాదం విరిగిందని సమాసం విరుగుతుందా అండీ? ఆ లెక్కన ‘మందార’ కూడా పాదం చివర విరిగింది, ‘మం’ పైన, ‘దార’ కింద. దాన్నీ రెండు చేస్తారా?

ఏలూరు అమ్మాయి:
16 అయినా 17 అయినా నాకు చాలా ఉపయోగపడిందండి. పిల్లలు రెల్లుపూలు కూడా చేస్తామంటున్నారు, తెల్ల టిష్యూ కాగితాన్ని సన్నగా చీల్చి చీపురుపుల్లకు చుడితే అచ్చం అలాగే వస్తున్నాయి. కానీ నా ‘వె’ ఎటు పోయింది?

గోవాలో ఉంటున్నాను:
ఇక్కడ చవితికి వినాయకుడి పైన చెక్క చట్రం కడతారు, దాన్ని మాటోళి అంటారు. కాయలు, పళ్ళు, అడవి మొక్కలు గుత్తులు గుత్తులుగా వేలాడతాయి. మొదటిసారి చూసినప్పుడు మన పాలవెల్లి అని గట్టిగా అరిచాను. అప్పటినుంచి నా ఊహ ఒకటుంది. మనది అసలు ‘ఫలవల్లి’ ఏమో. పళ్ళు వేలాడే తీగ. ఫ ప అయింది, వల్లి వెల్లి అయింది. కట్టేది పళ్ళు, పాలు కాదు కదా! అప్పుడు ఆ పాప రాసిందే మూలానికి దగ్గర.

మైలవరం మాస్టారు:
ఫల పోయి పాల ఎందుకు అవుతుంది నాయనా? ‘ఫలహారం’ వాడుకలో ‘పలారం’ అయింది కానీ ‘పాలారం’ కాలేదు. దీర్ఘం ఎక్కడినుంచి వస్తుంది?
పోనీ ‘పాల + వల్లి’ అంటారా, తెలుగు పాలకు సంస్కృత వల్లిని కట్టడం వైరిసమాసం అనేవాళ్ళున్నారు.

గోవాలో ఉంటున్నాను:
పేరు పెట్టినవాళ్ళు వ్యాకరణం చూసి పెట్టారా మాస్టారూ? వంటింట్లో పుట్టిన పేర్లకు వైరం ఏముంటుంది?

ఓరుగల్లు వాసి:
వ్యాకరణం వద్దు, నోరు చాలు. పల్లెల్లో దీన్ని ‘పాలెల్లి’ అంటారు, నేను చాలాచోట్ల విన్నాను. వాడుకలో ‘వె’ ‘ఎ’ అవుతుంది. వెల్లుల్లిని మేం ఎల్లిగడ్డ అంటాం. వెళ్ళాడు ఎళ్ళాడు అవుతుంది. ‘వ’ మాత్రం అలా జారదు. వంకాయ అంకాయ కాదు, వల్లకాడు అల్లకాడు కాదు. మూలం ‘వల్లి’ అయి, ఒకవేళ ‘వ’ జారినా జనం ‘పాలల్లి’ అనాలి, ‘పాలెల్లి’ కాదు. ఎవరైనా ‘పాలల్లి’ విన్నారా?

అవధానప్రియ:
ఈ వాదన నాకు తట్టలేదు. చాలా బాగుంది.

చెన్నై తెలుగు:
బాగుంది కానీ ఎల్లిగడ్డను తెచ్చి మీరే ఇంకో తలుపు తీశారు. వెల్లుల్లిలో వెల్ల అంటే తెలుపు. గోడకు వెల్ల వేస్తాం. తమిళంలో వెళ్ళి అంటే వెండి, శుక్రగ్రహం కూడా. అదే తమిళంలో వెళ్ళం అంటే వరద. మరి పాలవెల్లిలో వెల్లి వరదా, తెలుపా? పాలలాంటి తెల్లదనమని ఎందుకు అనుకోకూడదు? చట్రం తల మీద ఉంటుంది, సముద్రం తల మీద ఉండదు. మా తాతగారు దాన్ని ఆకాశమనే చెప్పేవారు, వేలాడే కాయలు నక్షత్రాలు, గ్రహాలు అని.

మైలవరం మాస్టారు:
ఆకాశంలో పాలు అనగానే పాలపుంత గుర్తుకు రావాలి. గోదావరి జిల్లాల్లో పుంత అంటే బండ్లు నడిచే దారి. పుంతలో ముసలమ్మ గుళ్ళు ఎన్ని ఉన్నాయో! ఆకాశంలో పాలదారి పాలపుంత అయితే, పాలప్రవాహం పాలవెల్లి ఎందుకు కాకూడదు? వరద అర్థం ఉంచుకునే ఆకాశానికి ఎక్కవచ్చు.

అవధానప్రియ:
అందుకే మళ్ళీ పోతన దగ్గరికి రమ్మంటున్నాను. మూడో పాదంలో సుధాపయోధి ఉంది, ఒక్క తామరపువ్వు దాటగానే అమరవాహిని ఉంది. కింద పాలకడలి, పైన ఆకాశగంగ. పాలవెల్లికి మనం చెప్పుకుంటున్న రెండు అర్థాలూ ఒకే పాదంలో ఉన్నాయి. నాయనమ్మగారు పురికొస కడుతూ సరిగ్గా ఆ పాదం అన్నారంటే, ఆవిడకు ఈ సంగతి తెలుసని నా నమ్మకం.

ఏలూరు అమ్మాయి:
ఇది చదివి ఒళ్ళు జలదరించిందండి.

తెనాలి పిన్ని:
చర్చ మధ్యలో వస్తున్నాను, ఏమీ అనుకోకండి. ఏలూరు అమ్మాయీ, ఏ జిగురు వాడుతున్నారు? బజారు గమ్ముతో అట్టముక్కలు నిలవవు. మైదాపిండి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద చిక్కబడేదాకా కలుపుతూ ఉడికించండి. మేం పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేవాళ్ళం. అది విషం, కాబట్టి పిల్లల చేతికి ఇచ్చేదాంట్లో మాత్రం వెయ్యొద్దు. ఇంకో మాట, మా ఇంట్లో పాలవెల్లికి ఒక్కటైనా నిజమైన కాయ కట్టకుండా పూజకు కూర్చోం. కాగితం వెలక్కాయల మధ్య ఒక పచ్చి వెలక్కాయ వేలాడదీయమ్మా.

ఏలూరు అమ్మాయి:
తప్పకుండా పిన్నిగారూ, ఇప్పుడే మైదా కలుపుతున్నాం.
ఒక సంగతి చెప్పాలి. ఇందాక మా పెద్దత్తకు ఫోన్ చేసి ఈ చర్చంతా చదివి వినిపించాను. ఆవిడ ఏమంటుందంటే, శారదనీరదేందు చవితికి కాదట. దసరాలో బొమ్మలకొలువు మెట్లకు రంగుకాగితాలు అంటించేటప్పుడు నాయనమ్మ అనేదట, మూలా నక్షత్రం రోజు పుస్తకాలు పెట్టేముందు. నేను రెండు పండగలూ కలిపేసుకున్నాను. పాలవెల్లి కట్టేటప్పుడు పాడింది వేరే పాటట, పద్యం కూడా కాదు.

మైలవరం మాస్టారు:
ఏ పాటమ్మా?

ఏలూరు అమ్మాయి:
అత్తకు వరస గుర్తుంది, మాటలు గుర్తు లేవు. ఫోన్లో ఊరికే రాగం తీసింది. రెండో చరణం చివర ‘వెల్లి’ అని ఆగేదట.

గోవాలో ఉంటున్నాను:
‘వెల్లి’ అనా, ‘వల్లి’ అనా? ఇంకోసారి అడగండి.