సమస్య: ఊరు కదలి వచ్చె నోపలేక

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. సందర్భం, రైలు స్టేషన్ చేరే చివరి అయిదు నిమిషాలు. చాలా ఊళ్లు గోదాముల పెరడు చూపిస్తూ లోపలికి రానిస్తాయి. అవి వద్దు, సింహద్వారం తెరిచేవి కావాలి. ఊళ్లు కదలవు కదా అంటారా, సమస్య అదే మరి.

పాదచారి:
కిటికి చెంత నేను కిక్కురుమనకుండ
కూరుచుంటి నీటి కొసను చూచి
గోపురములు నీట కుదురుగా తేలంగ
ఊరు కదలి వచ్చె నోపలేక

ఇది వెనిస్. 1846 నాటి రైలు వంతెన, 222 కమానులు, మూడున్నర కిలోమీటర్లకు పైనే. ఎడమవైపు కూర్చోవాలి సుమా! కుడివైపు 1933లో వేసిన రోడ్డు వంతెన అడ్డం. ఎడమ కిటికీలో మాత్రం అన్నీ నీళ్లే.

తేటనీరు: ధార బాగుంది. 'తేలంగ' ద్రుతాంతం (చివర 'న్' దాగిన మాట) కాబట్టి 'తేలంగ/నూరు కదలి' అనాలి, యతికేమీ ఇబ్బంది లేదు. అసలు పేచీ వేరే ఉంది. ఊరిని కదిలించడం ఏ రైలు కిటికీ అయినా చేస్తుంది. కష్టమంతా 'ఓపలేక' దగ్గరే. కుదురుగా తేలుతున్న ఊరికి ఓపిక ఎందుకు నశించింది?

పాదచారి: ఒప్పుకున్నా. 'నూరు' అంటే మాత్రం వంద ఊళ్లు మీద పడ్డట్టుంది.

చక్రవాకం:
రైను నదిని దాటి రాగానె మనబండి
జంట శిఖరములను చాటి చూపి
స్వాగతమ్ము పలుక వాకిట నిలుచుండి
యూరు కదలి వచ్చె నోపలేక

ఇది జర్మనీలోని కొలోన్. 1911 నాటి హోహెన్‌జోలర్న్ వంతెన దిగి బండి కుడికి వంగుతుంది. అంతే, ఎడమ కిటికీ నిండా చర్చి గోడ. 157 మీటర్ల గోపురాలు, మెడ ఎంత వంచినా పైకొస కనబడదు. స్టేషన్ దాని పక్కనే.

తేటనీరు: ఇదీ పూరణ! ముందు వాకిట నిలబెట్టారు, తర్వాత ఆగలేక వచ్చిందన్నారు. 'ఓపలేక' ఇప్పుడు అతికింది. 'చాటి చూపి' మాత్రం నీరసంగా ఉంది. 'చాచి చాచి' అంటే చేతులు చాచినట్టుండదూ?

చక్రవాకం: మార్చేశాను. యతి కూడా నిలిచింది, ధన్యవాదాలు.

కొంటెకోణంగి:
సంద్రమెల్ల చూడ సందున నిలుచుంటి
కాలు తిమ్మిరెక్కె గంట గడిచె
పాంబ నెపుడు దాటు బండియో తెలియదు
ఊరు కదలి వచ్చె నోపలేక

ఊరు అంటే తొడ! రామేశ్వరం దారిలో 1914 నాటి పాత పాంబన్ వంతెన. బండి పాకేది, గాలి ఎక్కువైతే ఆపేసేవారు. 2025 ఏప్రిల్‌లో కొత్తది తెరిచాక తొడలకు విముక్తి.

తేటనీరు: పడీ పడీ నవ్వాను. కానీ తొడకు తెలుగులో 'ఊరువు' అనాలి, ఒంటి 'ఊరు' చెల్లదు. పైగా ఉత్వసంధి నిత్యం, 'తెలియదూరు' అవుతుంది.

కొంటెకోణంగి: అవనివ్వండి. అంతసేపు నిలబడ్డాక నాకు నిజంగానే ఏ ఊరో తెలియదు.